గురి ఎవరిది?

పట్టాభిరామ్‌లో మా ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. అది తమ్ముడిదని ఎవరూ అనలేదు గానీ, ఎప్పుడూ వాడే కూర్చుంటాడు. నాకు ఫోను. తుపాకీ ఆటల్లో నేనే ముందు చచ్చేదాన్ని. "ఆడపిల్లలకి గురి కుదరదక్కా" అనేవాడు. నేనూ నమ్మేశాను.

సెలవుల్లో వాడు తిరుత్తణి అమ్మమ్మగారింటికి వెళ్ళాడు. నేను మౌస్ పట్టుకున్నాను. మొదటి రెండు రోజులూ గోడల్ని కాల్చాను. మూడో రోజుకి చేయి ఎంత జరిగితే తుపాకీ అంతే తిరుగుతుందని తెలిసింది. ఫోన్లో అలా కాదు. నున్నటి అద్దం మీద మీట ఎక్కడుందో వేలికి తెలీదు. పైగా కాల్చాల్సినవాణ్ణి నా బొటనవేలే కప్పేస్తుంది!

వాడొచ్చాక స్నేహితురాలి గేమ్‌ప్యాడ్ తెచ్చి చేతికిచ్చాను. ప్రతి గుండూ పక్కకే పోయింది. గేమ్‌ప్యాడ్ పుల్లను ఎంత వంచితే తుపాకీ అంత వేగంగా తిరుగుతుంది. సరిగ్గా ఆపడమే కష్టం. అందుకే 1997లో వచ్చిన గోల్డెన్‌ఐ 007 మొదలుకొని ఇలాంటి ఆటల్లో చాలావాటికి గురి కుదిర్చే సాయం లోపలే పెట్టారు. ఆ సాయాన్ని నేను ముందే ఆపేశాను.

"మగపిల్లలకి గురి కుదరదేమోరా" అన్నాను. వాడు మాట్లాడలేదు.

వంటింట్లోంచి అమ్మ, "ఇకమీదట ఇద్దరికీ చెరో గంట" అంది. మౌస్ చేతికిస్తే నా గురి కుదిరింది. కానీ "నాకూ ఇవ్వండి" అని అన్నాళ్ళూ నేనెందుకు అడగలేదు?

ఇప్పుడు నా గంటలో వాడు పక్కన కూర్చుని, "ఎడమవైపక్కా, ఎడమవైపు!" అని అరుస్తుంటాడు.