మా పెరటి పంచ

పారలకును గడ్డపారలకును ఇల్లు గట్టిన కథ నేను వ్రాయబూనుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. కాని మా గోదావరిఖనిలో పెరడు గల యిల్లాలెవరును ఈ కష్టము నెరుగకపోదు. ఇచ్చట వేసవిలో ఎండ 45 డిగ్రీలను దాటుట కలదు. ఆ యెండకు నీళ్ల గొట్టము పగులును, నిచ్చెన మెట్లు వదులగును. మృగశిర ప్రవేశించెనా, పారలు త్రుప్పుపట్టును, పిడులను చెదలు తినును. ఇక బొగ్గుధూళి సరేసరి.

నిరుడు మేమే యొక పంచ వేసితిమి. వంటయింటి వెనుకగోడ నానించి వెదురులు పాతి, రెండు రేకులు పరచి, కదలకుండ రాళ్లు పెట్టితిమి. మావారు బడిలో లెక్కలు చెప్పుదురు; వాలెంత యుండవలెనో కాగితముమీద తేల్చిరి గాని సుత్తి పట్టుట యెరుగరు. రోహిణికార్తెలో నొక సాయంకాలము గాలివాన వచ్చి రేకు నెత్తి, నల్లాకడ పడవైచెను. దానిపై రాయియు నచ్చటనే పడెను. ఒక్క నిమిషము ముందే మా చిన్నపిల్ల బిందె నింపుకొని లోనికి వచ్చినది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మేమిరువురము ఒకరినొకరు ఏమియు ననుకొనలేదు. అదియే యెక్కువ బాధ.

ఈ యేడు పొరుగింటి కాక పూనుకొనిరి. ఆయన సింగరేణి గనులలో టింబర్‌మన్‌గా పనిచేసి విరమించినవారు. బొగ్గు త్రవ్విన చోట కర్రమొద్దులు నిలిపి పైకప్పునకు ఊత మిచ్చుట ఆయన వృత్తి. కప్పును కర్రతో తట్టి, గణగణ మ్రోగిన గట్టిదనియు, బోలుగా మ్రోగిన నూడిపడుననియు చెవితోనే కనిపెట్టెడివారట. మా రాళ్లను చూచి తలయూచి, “బిడ్డా, బాయిల కప్పు కిందికి పడ్తది. ఈడ గాలి లోపల సొచ్చి మీదికి లేపుతది. బరువు పెడ్తె ఆగదు, భూమికి కట్టాలె” అనిరి. నాన్నగారి యొద్ద భాగవతము చదువుకొన్న నాకు గోవర్ధనము జ్ఞప్తికి వచ్చినది. దానిని మోసిన వానికి బరువే గాని గాలిభయము లేదు గదా!

గోడవైపు ఎత్తు 8 అడుగులు, వెలుపల ఆరున్నర, వెడల్పు 6 అడుగులు. మావారి లెక్కకు 14 డిగ్రీల వాలు. ఇనుప కంబములను 2 అడుగుల గోతులలో కాంక్రీటు పోసి నిలిపి, గోడలో బోల్టులు దింపి, అడ్డగొట్టములను బిగించిరి. రేకులను తూర్పుకొననుండి పరచిరి. ఏలయన మాకు వానగాలి పడమటినుండి వచ్చును. అతుకు అంచు గాలి కెదురైనచో నీరు లోజొచ్చును. హుక్కులకు రంధ్రములు రేకు మిట్టమీదనే వేయవలెను, నీరు పారు పల్లమున వేయరాదు. ప్రతిదానికి రబ్బరు బిళ్ల తప్పదు. అన్నిటికంటె ముఖ్యము గోడకును రేకునకును నడిమి సందు. గోడలో గాడి కొట్టి, రేకుపట్టీ చొప్పించి, సిమెంటుతో మూసిరి. దీనిని మరచినచో పారలు తడియుటయే గాక వంటయింటి గోడయు చెమ్మగిల్లును.

మావారు నిచ్చెన యెక్కిరి, నేను హుక్కు లందించితిని. పని ముగిసిన పిదప కాక తన చేతికర్రతో రేకులను వరుసగా తట్టుచు చెవియొగ్గిరి. ఒకచోట ఆగి మరల తట్టిరి. అచ్చట హుక్కు వదులుగా నుండెను. మావారు మారుమాటాడక మరల నిచ్చెన యెక్కిరి.

మొన్న గాలివాన వచ్చినప్పుడు రేకులు పెద్దగా మ్రోగినవి గాని కదలలేదు. అయినను గాలి తగ్గువరకు చిన్నదానిని నల్లాకడకు పోనీయలేదు. కాక గోడమీదుగా చూచి నవ్విరి.