ఒకే కాగులో ఎరుపూ తెలుపూ

పెడనలో కలంకారీ అద్దకం చూడనివాళ్లు ఒక్కసారైనా వెళ్లి చూడండి. బందరు పక్కనే.

కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక కలిపిన జిగురుతో అచ్చు వేస్తారు. ఆ అచ్చు సరిగ్గా కనబడను కూడా కనబడదు. కాలవలో జాడించి, ఎర్ర రంగు మరిగే రాగి కాగులో ముంచుతారు. గుడ్డంతా మునిగేది ఆ ఒక్క రంగులోనే కదా! తీసి చూస్తే, పటిక తగిలిన పువ్వులే గాఢంగా ఎర్రబడ్డాయి. మిగతా చోట్ల అంటిన లేత చాయ ఉతుకులకీ ఎండకీ పోతుంది. ఏది ఉండాలో ఏది పోవాలో ఆ రంగుకి ఎవరు చెప్పారు?

పటిక పట్టుకుంటుంది, అంతే. ఆ పట్టుకి ఒక కొలత ఉందని, దాన్ని బంధన స్థిరాంకం అంటారని తెలిసినప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు!

అణువులు ఒకసారి అతుక్కుని ఊరుకోవట. కలుస్తుంటాయి, విడిపోతుంటాయి. రెండూ సరితూగినప్పుడు కలిసి ఉన్నవెన్ని, విడిగా ఉన్నవెన్ని అన్న లెక్కే ఆ స్థిరాంకం. డిగ్రీ ల్యాబుల్లో నీటి కఠినత్వం చూసే ఇ.డి.టి.ఎ.నే తీసుకోండి. కాల్షియంతో దాని స్థిరాంకం 10 పక్కన దాదాపు 11 ఘాతం, ఫెర్రిక్ ఇనుముతో 25 ఘాతం. అంటే ఇనుము మీద పట్టు కోటి కోట్ల రెట్లు ఎక్కువ! ఇంకా వింత ఏమిటంటే, పట్టు పది రెట్లు పెరగడానికి మామూలు గది వేడిలో మోల్‌కి 5.7 కిలోజౌళ్ల తేడా చాలు. అంత చిన్న తేడాలు మెట్టు మీద మెట్టుగా పేరుకుంటే కోట్లకి కోట్లు.

ఎర్ర రంగుకి మూలం అలిజరిన్. అందులో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్లు పటికలోని అల్యూమినియాన్ని పీత డెక్కల్లా రెండు వైపుల నుంచీ బిగిస్తాయి. ఒకటి జారినా రెండోది వదలదు, జారినది మళ్లీ వచ్చి పట్టుకుంటుంది. కరక్కాయ వగరు కూడా అదే లోహాన్ని నూలు దగ్గర నిలిపి ఉంచుతుంది. ఆ వగరుకే ఇనుము తగిలితే నలుపు: బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు పులియబెట్టి గీసే నల్ల గీతల రహస్యం అదే. స్థిరాంకం అన్న మాట పుట్టకముందే మనవాళ్ల చేతికి ఈ బలాబలాలు తెలుసు!

డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బందరు బట్టల కోసం సముద్రాలు దాటి వచ్చిన రోజుల్లో ఈ అలిజరిన్ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. వేరు స్థానంలోకి డబ్బా రంగు వచ్చింది. పటిక మాత్రం ఇప్పటికీ కావాలి, ఎందుకంటే అలిజరిన్ ఎక్కడ పుట్టినా ఒట్టి నూలు మీద దానికి పట్టు లేదు.