వారానికింత చొప్పున ఒక ఇల్లు

వెనకటి రోజుల్లో మన ఊళ్లలో పేదింటి పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో అన్నం, మంగళవారం ఇంకొకరింట్లో. పెట్టేవారిది ధర్మం, తినేవారిది కృతజ్ఞత, మధ్యలో డబ్బు మాట లేదు. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్‌కి వెళ్లే పిల్లల దగ్గర హోమ్‌స్టే అన్న మాట వినగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది ఆ వారాల ఇల్లో, అది కాకపోతే అమీర్‌పేట హాస్టలో. నిజానికి అది ఈ రెండూ కాదు. ఒక కుటుంబం తమ ఇంట్లో ఓ గది, పొద్దున బ్రెడ్డూ పాలూ, రాత్రి భోజనం, హీటరు, ఇంటర్నెట్, అన్నీ కలిపి వారానికింత అని అమ్మే సరుకు అది. సరుకని ఒప్పుకుంటేనే బేరం సరిగ్గా చూడగలం. మొదటి పన్నెండు వారాలకి, కొన్ని షరతుల మీద, అది కొనదగ్గ సరుకు. ఏడాది పొడుగునా కొంటే మాత్రం డబ్బు పారబోసుకోవడమే. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

డబ్బు నిర్ణయాల్లో చాలాకాలంగా నేను నమ్ముకున్న సూత్రం ఒకటుంది. ధర చూసేముందు, ఆ ఖర్చులోంచి బయటపడటానికి ఎంతవుతుందో చూస్తాను. నెలకి పదివేలే కదా అని మొదలుపెట్టిన చీటీ మధ్యలో ఆపలేనిదైతే అది పదివేల ఖర్చు కాదు, చీటీ మొత్తం ఖర్చు. గది అద్దె కూడా అంతే. ఇక్కడి నుంచి ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ నెల అద్దెలు పోల్చేవాళ్లు పోల్చవలసినదాన్ని వదిలేసి పక్కదాన్ని పోలుస్తున్నారు. హోమ్‌స్టేలో వారం ధర ఎక్కువ, బయటపడే ధర తక్కువ. చాలా స్టూడెంట్ హాస్టళ్లలో దీనికి తలకిందులు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకి వేసుకున్నవే; లండన్ కాని ఓ మధ్యరకం ఊరనుకోండి, పౌండు 120 రూపాయలనుకోండి. హోమ్‌స్టే వారానికి 205 పౌండ్లు, కుదిర్చిన ఏజెన్సీకి ఒకసారి 60. పన్నెండు వారాలకి 2,520. నలుగురు కలిసి ఉండే ఇంట్లో గది వారానికి 110, గ్యాసూ కరెంటూ ఇంటర్నెట్టూ మన వాటాకి 15, కూరగాయలూ బియ్యమూ 35. పన్నెండు వారాలకి 1,920. తేడా 600 పౌండ్లు, అంటే 72,000 రూపాయలు. దుప్పట్లూ గిన్నెలూ కుక్కరూ హోమ్‌స్టేలో కొననక్కర్లేదని ఏజెన్సీలు చెబుతాయి గానీ దాన్ని నేను లాభంలో వెయ్యను. డిసెంబరులో సొంత గదికి మారినప్పుడు ఎలాగూ కొనాలి. అది వాయిదా పడిన ఖర్చే గానీ తప్పిన ఖర్చు కాదు. రోజూ ఇంగ్లీషు వింటూ భోంచేస్తే భాష మెరుగవుతుందన్న మాట నిజమే కావచ్చు. దానికి వెల కట్టడం నాకు చేతకాదు, అందుకని లెక్కలో సున్నా వేశాను.

మరి ఆ 600 పెట్టి కొంటున్నదేమిటి? చూడకుండా సంతకం పెట్టే అవసరం లేకపోవడం. ప్రైవేటు స్టూడెంట్ హాస్టళ్లలో 51 వారాల ఒప్పందం మామూలే. వారానికి 160 అయితే 8,160 పౌండ్లకి ఇక్కడ కూర్చునే సంతకం పెట్టేస్తున్నామన్నమాట. దిగాక గది నచ్చకపోయినా, క్లాసులు ఊరికి అటు చివర ఉన్న క్యాంపస్‌లో జరుగుతాయని అప్పుడు తెలిసినా, మన బదులు ఇంకొకరు దొరికేదాకా అద్దె ఆగదు. ఇంకా 30 వారాలుండగా అలా ఇరుక్కుంటే 4,800. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి 600 ప్రీమియం కడుతున్నామంటే, ఎనిమిదింట ఒక వంతు అవకాశం ఉన్నా ఆ ప్రీమియం గిట్టుబాటే. ఎన్నడూ చూడని ఊళ్లో, ఎన్నడూ చూడని గదిని ఫొటో చూసి ఎంచుకుంటే తప్పయ్యే అవకాశం అంతకంటే తక్కువని ఎవరైనా అంటే నేను నమ్మను.

చట్టం మారింది కదా అని అడగవచ్చు. మారింది, ఈ అభ్యంతరానికి బలమూ ఉంది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో మామూలు ప్రైవేటు అద్దె ఇళ్లకి గడువు ఒప్పందాలు పోయాయి. అద్దెకున్నవారు రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చెయ్యవచ్చు. బ్రిటన్‌లో హామీ ఉండేవారు లేని విదేశీ విద్యార్థుల దగ్గర ఆరు నెలల అద్దె ముందే గుంజే అలవాటుకీ అడ్డుపడింది. నెల అద్దెకి మించి అడ్వాన్సు అడగకూడదు. దీంతో నా లెక్కలో ఒక వైపు తేలిపోతుందని ఒప్పుకోవాలి. షేరింగ్ ఇంట్లో తప్పటడుగు పడితే పోయేది రెండు నెలల అద్దె, సుమారు 950 పౌండ్లు. దానికోసం 600 ప్రీమియం కట్టడం తెలివైన పని కాదు. అందుకే, తెలిసిన సీనియర్లు ఉంటున్న ఇంట్లో ఒక గది ఖాళీ అయి, వాళ్లు వీడియో కాల్‌లో బాత్రూమ్ గోడ మీది చెమ్మతో సహా చూపించి రమ్మంటే, హోమ్‌స్టే ఊసెత్తకుండా వెళ్లిపోవడమే మంచిది. విద్యార్థుల కోసమే కట్టి, ప్రభుత్వం గుర్తించిన నియమావళిలో చేరిన పెద్ద హాస్టళ్లకి మాత్రం ఈ మార్పు వర్తించదు. వాటి గడువు ఒప్పందాలు అలాగే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంటికి చూడకుండా డిపాజిట్ పంపితే చట్టం కాపాడేలోపే డబ్బు పోవచ్చు. అసలు ఆ ఇల్లే లేకపోతే నోటీసు ఎవరికిస్తాం? ఐదు వారాల డిపాజిట్, నెల అద్దె కలిపి వెయ్యి పౌండ్ల పైమాట.

ఇంకో అభ్యంతరం మన వైపు నుంచి వచ్చేది. ఆ 72,000 అప్పు సొమ్ము. ఎడ్యుకేషన్ లోన్ 11 శాతం వడ్డీ అనుకుంటే, చదువుకునే ఏడాదీ ఆ తర్వాతి మారటోరియం ఏడాదీ కలిపి 15,840 వడ్డీ పడుతుంది. మొదటి కిస్తీ కట్టేనాటికి అది 88,000 దగ్గరికి చేరుతుంది. దీనికి, అక్కడ పార్ట్‌టైమ్‌లో సంపాదించేస్తాం కదా అని చాలామంది ఇచ్చే జవాబు నేనివ్వను. లెక్కకి అది నిజమే: 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకి 12.71 పౌండ్లు, కాలేజీ రోజుల్లో వీసా ఒప్పుకునే 20 గంటలూ చేస్తే వారానికి 254, మూడు వారాల్లోపే 600 తీరిపోతుంది. కానీ దిగిన నెలలోనే పని దొరుకుతుందని లెక్క వేసుకున్నవాడి బడ్జెట్ అక్టోబరులోనే చిరుగుతుంది. నా జవాబు వేరు. వీసా కోసం నిర్వహణ ఖర్చు కింద లండన్ బయట నెలకి 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి 10,539 చూపించాలన్నది 2025 నవంబరు నుంచి ఉన్న లెక్క. ఆ సొమ్ము ఎలాగూ చేతిలో ఉండాలి. దాన్ని ఏ వరసలో ఖర్చు పెడతామన్నదే ప్రశ్న. ఒక చిన్న మెలిక ఉంది: గది అద్దె ముందే కట్టేశాం కాబట్టి ఆ మేరకు తక్కువ చూపిస్తామంటే, యూనివర్సిటీకి కట్టిన అద్దెకే ఆ వెసులుబాటు. హోమ్‌స్టే యజమానికో ఏజెన్సీకో కట్టింది అందులో లెక్కకి రాదు.

ఇల్లు ఇచ్చేవాళ్ల లెక్క తెలిస్తే బేరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సొంత ఇంట్లో సామాన్లతో సహా గది అద్దెకిస్తే ఏడాదికి 7,500 పౌండ్ల దాకా పన్ను లేదు. 2016 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి కదల్లేదు. భోజనానికీ బట్టలుతకడానికీ తీసుకునే డబ్బు కూడా ఆ 7,500లోనే. వారానికి 205 చొప్పున 36 వారాలైతే 7,380. అంటే ఒక్క గది ఇచ్చే ఇల్లాలికి కాలేజీ నడిచే వారాలు నిండితే చాలు, ఏడాదంతా మనిషి ఉంటే పన్ను గొడవ మొదలవుతుంది. పన్నెండు వారాలే ఉంటానని చెప్పడానికి మొహమాటపడే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చాలా ఇళ్లకి అది నష్టమేమీ కాదు. ఒంటరిగా ఉండే పెద్దావిడైతే కౌన్సిల్ టాక్సులో 25 శాతం తగ్గింపు పొందుతూ ఉంటుంది. ఇంకో మనిషి చేరితే అది పోతుందేమోనని ఆమె భయం. ఫుల్‌టైమ్ విద్యార్థిని ఆ లెక్కలో మనిషిగా చూడరు కాబట్టి తగ్గింపు పోదు. మొదటి వారంలోనే యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ లెటర్ కాపీ ఒకటి ఆమె చేతిలో పెడితే, అత్తరు సీసా పట్టుకెళ్లిన దానికంటే ఎక్కువ మర్యాద.

తిండి దగ్గరే అసలు డబ్బు కారిపోతుంది. హాఫ్ బోర్డ్ అంటే పొద్దుటి టిఫిను, రాత్రి భోజనం. ఆ రాత్రి భోజనం మన రాత్రి తొమ్మిది కాదు, చాలా ఇళ్లలో ఆరున్నర. ఉడికించిన బంగాళాదుంప, బఠాణీ, ఓవెన్‌లో కాల్చినదేదో ఒకటి. శాకాహారికి నాలుగు రోజుల్లో అదే తిరిగొస్తుంది. ఇంటావిడ మనసు నొప్పించకూడదని సగం తిని, తొమ్మిదింటికి గదిలో కెటిల్ నీళ్లతో నూడుల్స్ కలుపుకుంటే ఒకే పూటకి రెండుసార్లు కట్టినట్టు. కిచెన్ వాడుకోవచ్చన్న మాటకీ పోపు వేసుకోవచ్చన్న మాటకీ చాలా దూరం. ఎండుమిర్చి ఇంగువ నూనెలో పడ్డ అర నిమిషానికి సీలింగ్ మీది పొగ అలారం మోగితే ఇల్లంతా పరుగున వస్తుంది. అందుకని తినని భోజనం కొనకూడదు. టిఫిను మాత్రమే ఉండే ధర అడగాలి, వారంలో ఏ రెండు సాయంత్రాలు కుక్కర్ పెట్టుకోవచ్చో డబ్బు పంపకముందే అడగాలి. ఆవకాయ సీసా ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టవచ్చో కూడా అడిగితే తప్పేం కాదు.

ఇక దూరం. హోమ్‌స్టే ఇళ్లు ఎక్కువగా కుటుంబాలుండే శివార్లలో ఉంటాయి. ఇంగ్లండ్‌లో బస్సు టికెట్ మూడు పౌండ్లు దాటకుండా కట్టడి చేసినా రానూపోనూ రోజుకి ఆరు, వారానికి ఐదు రోజులు ముప్ఫై, పన్నెండు వారాలకి 360. పాస్ తీసుకుంటే కొంత తగ్గుతుంది. అయినా ఆ ఖర్చు కలిశాక తేడా 600 నుంచి 960కి పోతే నా వాదన చాలావరకు నీరుగారిపోతుంది. నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు దొరక్కపోతే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

బయటపడటం సులువన్నాను, అది రెండు వైపులా సులువే. యజమానితో ఒకే ఇంట్లో, ఒకే వంటగది పంచుకుని ఉండేవారికి అక్కడి చట్టం మామూలు అద్దెదారుకిచ్చే రక్షణ ఇవ్వదు. ఖాళీ చేయించడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, సమంజసమైన నోటీసు చాలు. డిపాజిట్‌ని రక్షణ పథకంలో పెట్టాలన్న నిబంధనా వర్తించదు. కాబట్టి కాగితం మీద లేనిది లేనట్టే. మనవాళ్లకి ఇక్కడే చిక్కు. ఇంట్లో పెద్దావిడ ఆప్యాయంగా టీ కప్పు అందిస్తుంటే రసీదు అడగడం ఎలా అని. మొహమాటం గురించి మనకున్న సామెత ఇక్కడ రాయలేను గానీ అందరికీ తెలిసిందే. వారాల ఇంటి సంస్కారాన్ని వారం అద్దె ఇంట్లోకి మోసుకెళ్లడం వల్ల వచ్చే నష్టం ఇది. ఆవిడ మనల్ని ఆదరించడం నిజం, ఆదివారం రాత్రికల్లా 205 పౌండ్లు రావాలనుకోవడమూ నిజం. రెండింటికీ గొడవ లేదు, ఆవిడకి అసలే లేదు.

తెలుగువాళ్లతో కలిసి ఉంటే వచ్చే లాభాలు పోగొట్టుకోవాలా అని ఆఖరి ప్రశ్న. పది కిలోల సోనామసూరి బస్తా నలుగురు పంచుకోవడం, ఏ షాపులో పని ఖాళీ ఉందో ముందే తెలియడం, పాత సైకిల్ చవగ్గా దొరకడం, ఇవన్నీ డబ్బే. కానీ వాటికోసం వాళ్లింట్లోనే పడుకోనక్కర్లేదు. క్లాసులోనూ గుడిలోనూ దీపావళి కార్యక్రమంలోనూ వాళ్లే ఉంటారు. పన్నెండు వారాలు వాళ్లని పక్కనుంచి చూశాక, ఎవరు బిల్లు వాటా వేళకి కడతారు, ఎవరు హీటరు రాత్రంతా వదిలేస్తారు అన్నది తెలుస్తుంది. ఆ తర్వాత చేరవలసిన ఇల్లు ఏదో కూడా అప్పటికి తేలుతుంది. సెప్టెంబరు 20న దిగితే పన్నెండు వారాలు డిసెంబరు 13కి నిండుతాయి. నాలుగు వారాల నోటీసని రాసుకుని ఉంటే నవంబరు 15కల్లా ఇంటావిడకి చెప్పాలి, చెప్పింది మెసేజ్‌లో కూడా పెట్టాలి. క్రిస్మస్‌కి ఆవిడ కూతురి కుటుంబం వస్తుంది, గది ఎలాగూ కావాలి. అందుకే గది వెతకడం అక్టోబరు చివర్లో మొదలుపెట్టాలి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే రోజులు రాకముందు, వీధిని వెలుతురులో చూసుకోవడానికి.