కొలువులో ఏనుగు

గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ముదినేపల్లి. చుట్టూ చేపల చెరువులు, వరిచేలు. సంక్రాంతి బొమ్మల కొలువు ముందు ఈ ఊరినే పరిచేయొచ్చు. నాలుగు రోజుల ముందు ఆవాలు చల్లితే చేను, అద్దం పెడితే చెరువు, చుట్టూ తడిమట్టి గట్టు.

క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్ గ్రీకు సేనకు పురుషోత్తముడి ఏనుగులు ఎదురయ్యాయి. విదేశాల్లో ఆ యుద్ధాన్ని పెద్దవాళ్లే బుల్లి సైనికులకు రంగులేసి, బల్లమీద గుట్టలు పేర్చి ఆడుకుంటారు!

మన అంబారీ ఏనుగు మాత్రం కొండపల్లిది. బెజవాడ దాటి వెళ్లాలి. తేలికైన తెల్లపొణికి కర్రను ఆరబెట్టి చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తొండం అతికిస్తారు. సున్నం పూశాకే రంగులు. ఆ చెట్లే కొండల్లో తగ్గిపోతున్నాయి. అటకమీది ఏనుగుకు తొండం విరిగిందా? పారేయకండి. కాస్త మక్కు చాలు.