క్రొత్త బొమ్మకు మసి యేల?

గుంటూరిలో మా బల్లపై జానెడు రెక్కల స్పిట్‌ఫైరు బొమ్మ కలదు. అసలు విమానములో 48వ వంతు. 1940లో బ్రిటను రక్షణకై పోరాడిన 234వ దళపు గుర్తులు దానిపై వ్రాసితిని. ఆ దళమునకు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ యని బిరుదనామము. నాడు మన మండలమును ఆ రాజధానిలోనిదే గదా!

క్రొత్త బొమ్మకు మసి యేల యని మిత్రులు పరిహసింతురు. మసియైనను ఇచ్చవచ్చినట్లు పూయరాదు. పొగగొట్టముల వెనుకనే అది సాగవలెను. మెకానిక్కులు కాలు మోపు రెక్కమొదటనే రంగు పెచ్చులూడవలెను. మిడిల్ వాలప్ పచ్చికపై దిగిన విమానమది. మా మిరపకళ్లముల దుమ్ము దానికంటరాదు.

తళతళలాడు విమానమును చూచిన బాలుడు యుద్ధము వేడుక యని తలచును. మసిని చూచినవాడు, దీనిని తుడిచిన దెవరని యడుగును. అందుకే రెక్కచెంత, ఎనిమిది తుపాకులకు గుండ్లదండలు మోయువాని నొకని నిలిపితిని. వీరుల పేళ్లు చరిత్రకెక్కినవి. వీని పేరు మసిలోనే మిగిలినది.