మా లేపాక్షి ప్రయాణము

మాది బుక్కపట్నము. చిత్రావతీ నది నీటితో నిండెడు పెద్ద చెరువొకటి మా యూరికి ఆధారము. బుక్కరాయల పేర వెలసిన యూరని పెద్దలు చెప్పుదురు. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రమును, మా యూరిని ఒకటే యనుకొని పొరబడువారు నేటికిని కలరు. తెగిపోవుచున్న చెరువుకట్టకు తన ప్రాణము నిచ్చిన ముసలమ్మ కథ, కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసినది, ఆ బుక్కరాయసముద్రము చెరువుది గాని మా చెరువుది కాదు. అయినను మా చెరువుకట్టమీద నడచునపుడెల్ల మాకు ఆ యమ్మ తలపునకు వచ్చుచునే యుండును.

మా అత్తగారు పదునారేండ్ల ప్రాయమున ఈ యూరికి కోడలై వచ్చిరి. ఇపుడామెకు 78 సంవత్సరములు. తిరుపతికి రెండుమారులు, కదిరి నరసింహస్వామి తేరునకు నాలుగైదుమారులు వెళ్ళిరి. లేపాక్షి మాత్రము చూడలేదు. మా యింటినుండి లేపాక్షికి మోటారులో రెండు గంటల దారి. మా యింటివారు, వచ్చిన చుట్టములు, చుట్టముల చుట్టములు అందరును చూచి వచ్చిరి. బండి కదలునపుడెల్ల ఇంటికి కావలి యుండవలసినవారు, పాలవానికి గిన్నె యందీయవలసినవారు ఒకరు కావలయును గదా. ఆ యొకరు అరువదిరెండేండ్లుగా మా అత్తగారే. ఈ సంగతి మేము లెక్క వేసి చూచుకొన్నది నిరుడు ధనుర్మాసములోనే యని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

మా మరిదిగారి కుమార్తె భర్తతోను ఇద్దరు బిడ్డలతోను ఫ్రాన్సు దేశమున దక్షిణభాగముననున్న తూలూజు నగరములో కాపురముండును. ఆ నగరము విమానములు తయారగు చోటు. అల్లుడు ఆ పనిమీదనే అక్కడికి వెళ్ళినాడు. క్రిస్మసు సెలవులకు పిల్లలను తీసికొని వచ్చెదమని అమ్మాయి వ్రాయగానే మగవారు ముగ్గురును కూర్చుండి యాత్రాపట్టిక సిద్ధము చేసిరి. రెండు దినములలో పెనుకొండ, లేపాక్షి, కదిరి, తిమ్మమ్మ మర్రిమాను, తాడిపత్రి, బేలము గుహలు, వీలైనచో గుత్తికోట. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరవలెను. మరిదిగారి కారులో నడపువారితో కలిపి ఏడుగురు పట్టుదురు. పిల్లలిద్దరును ఒడిలో కూర్చున్నచో ఎనమండుగురు. మేము తొమ్మండుగురము. ఆ తొమ్మిదవవా రెవరో చదువరులు ఈపాటికి గ్రహించియే యుందురు.

“నేనెందుకులే అమ్మా, ఇంటికి ఎవురన్నా ఉండల్ల గదా,” అనిరి అత్తగారు. ఎవరును అడుగకముందే అనిరి. అలవాటైన మాట యగుటచే ఎవరికిని చెవికెక్కలేదు. నాలుగు గంటల బండికి రెండు గంటలకే లేచి తొమ్మండుగురికి రెండుపూటల భోజనము కట్టవలసినవారము మేమును తోడికోడలును. ఆ మాట పట్టికలో ఎక్కడను లేదు.

అమ్మాయి వచ్చి ఆ కాగితమును చూచి నవ్వినది. “పెద్దమ్మా, మేము పోయిన మొదటి యేడు గూడా అచ్చం ఇట్లే చేసినాము,” అని తమ సంగతి చెప్పినది. ఆ దేశమున సముద్రతీరపు సీమలు చూడవలెనని కారు తీసికొని ఆరు దినములలో ఏడు పట్టణములు తిరిగినారట. రాత్రికొక విడిది. ప్రతి ఉదయమును పెట్టెలు సర్దుట, ప్రతి సాయంకాలమును విప్పుట. పాత పట్టణములలో వీథు లిరుకైనవి. కారు నిలుపుటకు చోటు వెదకుటలోనే పూట గడచెడిది. ఇంటికి వచ్చి, ఏమి చూచితిరని పిల్లల నడిగినచో, చిన్నవాడు కారులో వాంతి చేసికొన్నది తప్ప వేరేమియు చెప్పలేదట.

మరుసటి యేడు వారు ఆ పట్టికను చింపివేసిరి. తూలూజునుండి నీము పట్టణమునకు రైలులో పోయిరి. ప్రయాణము మూడు గంటలకు లోపే. రోమనులు కట్టిన రంగస్థలము అచ్చట స్టేషనునుండి నడచిపోవునంత దగ్గరలో నున్నది. నాలుగు దినములకు ఒకే యిల్లు అద్దెకు తీసికొని, రైలు పోని చోటికి మాత్రము ఒక్కదినము కారు కుదుర్చుకొనిరి. ఆ చోటే పోన్ దు గారు. నీము పట్టణమునకు త్రాగునీరు తెచ్చుటకు రోమనులు సుమారు 50 కిలోమీటర్ల పొడవున కాలువ త్రవ్వి, నడుమ ఏరు అడ్డురాగా మూడంతస్తుల కమానులమీద ఆ కాలువను దాటించిరి. 49 మీటర్ల యెత్తు! దాదాపు రెండువేల యేండ్లనాటిది. అమ్మాయి ఫోనులో దాని బొమ్మ చూపగా అత్తగారు కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచిరి.

“నీళ్ళు ఇప్పుడు పారుతాయా?” అని అడిగిరి.

“లేదవ్వా, ఆగిపోయి పద్నాలుగు నూర్లేండ్ల పైన అయింది.”

“మన చెరువు వానొస్తే ఇంకా నిండుతుంది,” అని ఫోను తిరిగి యిచ్చివేసిరి. రోమనులమీద మా అత్తగారి గెలుపు అట్లు ముగిసినది.

అటుపిమ్మట అమ్మాయి మగవారి కాగితమును తిప్పి, వెనుకవైపున క్రొత్తపట్టిక వ్రాయసాగినది. వారు చూడవలసిన యూళ్ళ పేర్లతో మొదలుపెట్టిరి. ఈమె వెళ్ళవలసిన మనుష్యుల పేర్లతో మొదలుపెట్టినది. మొదటి పేరు అవ్వ. అవ్వ ఎంతసేపు కూర్చుండగలదు, ఎన్ని మెట్లెక్కగలదు, ఎన్ని గంటల కొకమారు లేవవలెను. రెండవ పేరు చిన్నవాడు. వానికి కారు పడదు. ఈ రెండు పేర్లు వ్రాయునప్పటికే ఏడు స్థలములలో అయిదు రాలిపోయినవి. గుహలలో దిగుట అవ్వకు కాదు. మర్రిమాను కదిరికి ఆవలనున్నది, వేరు దారి. ఐదెకరములు పరచుకొనియున్న ఆ చెట్టును, దానిక్రింది తిమ్మమ్మ గుడిని చూడవలెనని మాకును ఆశ కలదు. దానికి మరియొక యాత్ర చేయుద మనుకొంటిమి.

మిగిలినవి లేపాక్షి, పెనుకొండ. రెండు దినములకు ఇవి చాలునా యని మరిదిగారు ముఖము చిట్లించిరి. చాలుట మాత్రమే కాదు, ఎక్కువయే యైనవి.

రైలుసంగతి ప్రథమమున మాకును తోచలేదు. మా ప్రాంతమువారికి రైలనగా బెంగుళూరు పోవుటకో, మదరాసు పోవుటకో గాని ప్రక్కయూరికి గాదు. పూర్వము ధర్మవరమునుండి పెనుకొండకు పోవు రైలుదారి మాకు దూరముగా నుండెడిది. 2000 సంవత్సరమున కొత్తచెరువు దగ్గర ప్రశాంతినిలయము స్టేషను ఏర్పడినది మొదలు బండి మా గుమ్మమునకు వచ్చినట్లే యైనది. అక్కడ ఎక్కినచో పెనుకొండమీదుగా హిందూపురము సుమారొక గంట. బండిలో అత్తగారు కాళ్ళు చాపుకొనవచ్చును, లేచి నాలుగడుగులు వేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, మరుగుదొడ్డి యున్నది. ముసలివారితో కారెక్కిన స్త్రీలకే ఈ మాట విలువ తెలియును. దారిలో నీళ్ళు త్రాగినచో దిగవలసివచ్చునని మా పెద్దలు గొంతెండగట్టుకొని ప్రయాణములు చేసిరి. మగవారి పట్టికలలో ఈ సంగతికి చోటుండదు.

హిందూపురమునుండి లేపాక్షికి 15 కిలోమీటర్లు. రైలు లేదు గనుక అక్కడ డ్రైవరుతోపాటు కారు నొకదానిని ముందుగా మాటాడి యుంచితిమి. అతనుగాక ఆరుగురికి స్థలము. అత్తగారు, మేము, తోడికోడలు, అమ్మాయి, పిల్లలిద్దరు. సరిగా ఆరు. మగవారు ముగ్గురును బస్సులో రావలెను. బస్సులకు కొదువ లేదు. అమ్మాయి ఈ లెక్క చదివినపుడు ఇంటిలో నొక నిమిషము మాట పుట్టలేదు. తరువాత అందరికంటె ముందు నవ్వినది అల్లుడే. మంచివాడు.

ఇక వంట. రెండుపూటలు కట్టుకొని పోవుట మానివేసి, మొదటిదినము పగటి భోజనము మాత్రము ఇంటినుండి కొనిపోవ నిశ్చయించితిమి. పులిహోర, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పిల్లలకు బొరుగులు, ఓళిగలు. రొట్టెలు, ఓళిగలు ముందునాడే చేయవచ్చును. పులిహోరకు పులుసు రాత్రియే ఉడికించి యుంచినచో ఉదయము అన్నము వండి కలుపుటయే పని. రాత్రి భోజనము, మరునాటి ఫలహారము హిందూపురములోనే. ఇంటికి కావలి మాట వచ్చినపుడు ఎదురింటి ఆమెకు తాళపుచెవి యిచ్చితిమి. అరువదిరెండేండ్లు అడ్డమైన చిక్కు అయిదు నిమిషములలో తీరినది.

సోదరీమణులకు పనికివచ్చునని మేము సర్దుకొన్న రెండు చిన్నవస్తువుల సంగతి చెప్పెదము. లేపాక్షి గుడి కూర్మశైలమను తక్కువయెత్తు బండమీద నున్నది. చెప్పులు వెలుపల విడువవలెను. చలికాలమందును మధ్యాహ్నమునకు బండ కాలును. అందుచే అత్తగారికి నూలు మేజోళ్ళు. రెండవది ఒక చేతియద్దము. లేపాక్షి చిత్రములలో మేలైనవి మండపముల కప్పులమీద నున్నవి. మెడ పైకెత్తలేని పెద్దలు వానిని చూడకయే మరలివచ్చెదరు. అద్దము ఒడిలో నుంచుకొన్నచో కప్పు అందులో కనబడును. ఈ యుపాయము అమ్మాయిది. ఆ దేశపు గుడులలో నొకచోట చూచెనట.

ఆదివారము బెంగుళూరు జనము వచ్చుదురని బుధవారము కుదుర్చుకొంటిమి. ప్రయాణమును విస్తరించి చెప్పము. పెనుకొండ కొండ కిటికీలో కనబడగానే, 1565లో తళ్ళికోట యుద్ధమునకు పిమ్మట విజయనగరపు రాజులు ఇక్కడికి రాజధాని మార్చుకొన్నారని అల్లుడు పిల్లలకు చెప్పినాడు. చిన్నవాడు వాంతి చేసికొనలేదు.

లేపాక్షి పొలిమేరలో మొదట కనబడునది నంది. ఒకే బండలో చెక్కిన 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు బసవన్న. మెడలోని గంటల పట్టెడను శిల్పి ఒక్కొక్క గంటగా చెక్కినాడు. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో, పెనుకొండ కోశాధికారియైన విరూపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో గూడి వీరభద్రస్వామి గుడి కట్టించెను. రాజుగారి ధనము వ్యయపరచినా డన్న నిందకు తన కన్నులు తానే పెరికికొని గోడకు విసరినాడని కథ. ఆ యెఱ్ఱమరకల నిప్పటికిని చూపుదురు. కల్యాణమండపము సగములోనే నిలిచిపోయినది. నేలకు పూర్తిగా తాకని స్తంభమొకటి కలదు. దానిక్రింద గుడ్డ దూర్చి తీయుటకు జనము గుమికూడి యుండగా మేము నిలువలేదు. ప్రపంచవారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాలో 2022లో ఈ యూరి పేరు చేరినది.

అత్తగారిని నాట్యమండపమున నొక స్తంభమునకు ఆనుకొని కూర్చుండబెట్టి, ఒడిలో అద్దముంచితిమి. కావి, పసుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు. పార్వతీకల్యాణమున నిలుచున్న చెలికత్తెల వరుస అద్దములోనికి వచ్చినది. ఆమె దేవతల మొగములను చూడలేదు. చీరలు చూచిరి. గళ్ళు, చుక్కలు, పువ్వులు, అంచులోపల అంచు. చాలసేపటికి తన పెండ్లినాటి ధర్మవరము పట్టుచీర కొంగు గుర్తున్నదా యని మమ్మడిగిరి. పెట్టెలో నున్న ఆ చీరను మేమెన్నియోమారులు ఎండకు వేసితిమి; గుర్తులేకేమి? “ఆ యంచే ఇది,” అనిరి. ధర్మవరపు నేతగాండ్రు లేపాక్షి చిత్రములనుండియు, లతామండపపు స్తంభములనుండియు నమూనాలు తీసికొనుట కలదు. మా అత్తగారి చీర కొంగు వానిలోనిదే యని రూఢిగా చెప్పజాలము గాని, ఆమె చెప్పినదానిని కాదనుటకు మాకు నోరు రాలేదు. ఒక్క స్తంభమువద్ద గంటన్నర గడచినది. గుత్తికోట, బేలము గుహలు ఆ గంటన్నరలోనే పోయినవని మరిదిగారితో తరువాత చెప్పితిమి.

గుడి వెనుక ఏడుపడగల నాగుపాము లింగమునకు నీడపట్టియున్న పెద్దశిల్పమున్నది. శిల్పులు భోజనమునకు వచ్చునప్పటికి తల్లి వంట పూర్తికాలేదట. అన్నముడుకులోపల ఊరకుండ నేల యని ఎదుటి బండలో దీనిని చెక్కిరట. తల్లి బయటికి వచ్చి చూచి ఆశ్చర్యపడగా ఆమె దృష్టి తగిలి బండ బీటవారినదని చెప్పుదురు. బీట నేటికిని కనబడును. ఆ దాపుననే నేలబండలో తొలిచిన రాతిపళ్ళెరములు, అన్నమునకు పెద్దగుంట, కూరలకు చిన్నగుంటలు.

అత్తగారు కథ మొత్తము విని, “వంట ఆలస్యమయ్యిందని అంతా ఆమెనే అనింటారు,” అనిరి. పిదప, “చూసినందుకు గూడా ఆమెనే అనిరి,” అని చేర్చిరి.

పిల్లలు పళ్ళెరములు లెక్కించుచు వాని యంచున కూర్చుండగా, వెలుపలికి వచ్చి చెట్టునీడను మేము మూట విప్పితిమి. అందరమును తిని చేతులు కడుగుకొనుచుండగా మగవారు ముగ్గురును చెమటలు కక్కుచు వచ్చిరి. బస్సు హిందూపురములో చాలసేపు నిలిచినదట. పులిహోర అడుగంటినది. అత్తగారు తన సంచిలోనుండి మాకెవరికిని తెలియక పెట్టుకొనివచ్చిన రెండవ డబ్బా తీసి మూత విప్పిరి.