తొమ్మిది సెంటీమీటర్ల లోటు

నా ఎత్తు ఐదడుగుల ఒక్క అంగుళం. సెంటీమీటర్లలో చెప్పాలంటే 155. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు ఐదడుగులకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి నేను మరీ పొట్టిదాన్నేం కాదు. బస్సులో పై కడ్డీ అందదు, వంటింట్లో పై అరకి స్టూలు కావాలి, అంతే. కానీ మోటారు సైకిల్ షోరూములోకి అడుగుపెట్టగానే మాత్రం అందరి చూపూ నా కాళ్ళ మీదే. ‘‘సార్ వస్తున్నారా మేడమ్?’’ అన్నది మొదటి ప్రశ్న. సార్ ఎవరూ లేరు, బండి నాకే అన్నాక, ‘‘మీకు స్కూటరే బావుంటుంది మేడమ్’’ అన్నది సలహా.

స్కూటరు నాకూ ఉంది. తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. విజయవాడలో ఆఫీసుకి, రైతుబజారుకి దాన్ని మించింది లేదు. సమస్యల్లా తిరువూరు రోడ్డుతోనే.

మా అమ్మ తిరువూరులో ఒక్కతే ఉంటుంది. డెబ్భై నాలుగేళ్ళు. ఆయాసం ఉంది. నా దగ్గరికి వచ్చెయ్యమ్మా అంటే, ‘‘మీ మూడో అంతస్తులో గాలాడదే తల్లీ, నాకసలే ఆయాసం’’ అంటుంది. వాదించలేం. వారానికోసారి నేనే వెళ్ళాలి, ఒక్కోసారి ఫోను రాగానే అర్ధరాత్రయినా బయల్దేరాలి. ఇబ్రహీంపట్నం, మైలవరం, ఎ.కొండూరు మీదుగా డెబ్భై కిలోమీటర్ల పైమాట. 30వ నంబరు జాతీయ రహదారి. పేరుకి జాతీయ రహదారే గానీ చాలా దూరం ఎదురూ బొదురూ బళ్ళు నడిచే రోడ్డు. దాని మీద లారీల బారు. కారు కొనుక్కోమంటాడు మా తమ్ముడు. మా సందులో ఆటో తిరగడమే గగనం, కారెక్కడ పెట్టను? పైగా దాని వాయిదాలు కట్టేది నేనేగా!

‘ఆడదానికి అంత పవరెందుకు’ అని నన్నడిగినవాళ్ళందరికీ ఒక చిన్న లెక్క చెబుతుంటాను. ముందు ఒక లారీ గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళుతోందనుకోండి. దాన్ని దాటి, మళ్ళీ మన వరసలోకి రావడానికి దాని మీద ఓ నలభై మీటర్లు ఎక్కువ పోవాలి. 110 సీసీ స్కూటరు గింజుకుని 60కి వస్తే, ఆ పని అవడానికి పద్నాలుగు సెకన్లు పడుతుంది. ఈలోపు ఎదుటి వరసలో దాదాపు 240 మీటర్లు నడిపేస్తాం. అదే 70కి చటుక్కున అందుకునే బండి అయితే ఏడు సెకన్లు, 140 మీటర్లు చాలు. అంటే వంద మీటర్లు తక్కువ. ఆ వంద మీటర్లలోనే కదా ఎదుటి నుంచి బస్సు వచ్చేది! పవర్ అంటే వేగంగా పోవడం కాదండీ, ప్రమాదంలో ఉండే సమయాన్ని తగ్గించుకోవడం. దానికి తోడు, లారీ పక్కనుంచి విసురుగా వెళ్ళినప్పుడు ఆ గాలికి నా స్కూటరు పక్కకి జరుగుతుంది. కాస్త బరువున్న బండికి ఆ బాధ తక్కువ.

గేర్ల బండి నాకు కొత్తేమీ కాదు. ఇంటర్లో ఉండగా మా నాన్న తన హండ్రెడ్ సీసీ బండి మీద నేర్పించారు. లైసెన్సులో కూడా గేర్ల బండి అని ఉంది. ఇక్కడ 100 సీసీకి ఒక లైసెన్సు, 350కి ఇంకోటి అంటూ ఏమీ లేదు. కాబట్టి మిగిలిన ప్రశ్న ఒక్కటే. అందుతుందా?

ఆ ప్రశ్నని షోరూము వాళ్ళకి వదిలిపెట్టకుండా ఇంట్లోనే మొదలుపెట్టాను. అసలు ఎత్తుతో పని లేదు, కాలి పొడవే ముఖ్యం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి నడుము పొడుగుండొచ్చు, ఇంకొకరికి కాళ్ళు పొడుగుండొచ్చు. గోడకి వీపు ఆనించి నిలబడి, అట్టపుస్తకం ఒకటి తొడల మధ్య పైదాకా పెట్టుకుని, నేల నుంచి పుస్తకం పై అంచు వరకూ టేపుతో కొలవాలి. నాది 70 సెంటీమీటర్లు వచ్చింది.

తర్వాత బళ్ళ కొలతలు రాసుకున్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. మీటియర్ 350 సీటు 765, బరువు 191. హంటర్ 350 సీటు 790, బరువు 181. మూడింటికీ ఇంజను ఒకే కుటుంబానిది, 20 హెచ్‌పీ చిల్లర. నా స్కూటరుది ఎనిమిది లోపు. బజాజ్ అవెంజర్ 220 క్రూజ్ సీటు అయితే 737 మాత్రమే.

కాగితం మీద చూస్తే పొట్టివాళ్ళు మీటియరో అవెంజరో కొనెయ్యాలి. ఎక్కి కూర్చుంటే కథ వేరు. మీటియర్ సీటు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. వెడల్పు సీటు మీద కాళ్ళు తిన్నగా కిందికి దిగవు, ముందు పక్కకి తిరిగి అప్పుడు దిగుతాయి. అక్కడే రెండు మూడు సెంటీమీటర్లు పోతాయి. కాళ్ళు ముందుకి చాచే పద్ధతి, వెనక్కి వంగిన హ్యాండిలు చాలామందికి హాయిగానే ఉంటాయి గానీ, నా చిన్న చేతులకి బండిని పూర్తిగా మలుపు తిప్పినప్పుడు అవతలి గ్రిప్పు దూరమైపోయింది. హంటర్ సీటు అంకెల్లో ఎక్కువే అయినా ముందు వైపు సన్నగా ఉంటుంది. బరువు మీటియర్ కంటే పది కిలోలు తక్కువ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కూడా తక్కువే కాబట్టి ఇరుకులో తిప్పడం తేలిక. అది నాకు నప్పింది. మీకు ఇంకోటి నప్పవచ్చు. అంకె చూసి కాదు, ఎక్కి కూర్చుని, నిలబెట్టి, దిగి, నెట్టి చూసి తేల్చుకోవాలి.

790 మిల్లీమీటర్లంటే 79 సెంటీమీటర్లు. నా కాలు 70. తొమ్మిది సెంటీమీటర్ల లోటు. నెలాఖర్లో ఇంటి బడ్జెట్ సర్దినట్టే దీన్నీ సర్దాను. ఒక్కచోటే పెద్ద కోత పెట్టకుండా, నాలుగుచోట్ల కాస్త కాస్త.

మొదటిది చెప్పులు. మడమ ఎత్తున్నవి కాదు, అడుగు మొత్తం మందంగా, చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు. మూడు సెంటీమీటర్లు కలిసొచ్చాయి. రెండోది వెనక స్ప్రింగులు. వాటి బిగువుకి మెట్లుంటాయి. నా బరువు 54 కిలోలు కాబట్టి అన్నిటికంటే మెత్తని మెట్టులో పెడితే, నేను కూర్చోగానే బండి సెంటీమీటరున్నర దిగింది. మూడోది సీటు.

సీటు కోసం ఆటోనగర్ వెళ్ళాను. విజయవాడ ఆటోనగర్ తెలియనివాళ్ళెవరు? లారీకి కొత్త ఒళ్ళు తొడిగే చోట నా సీటొక లెక్కా! అక్కడ ఒక మెకానిక్ కుర్రాడు బండి చుట్టూ తిరిగి, ‘‘వెనకాల పొట్టి షాకులేసేద్దాం మేడమ్, రెండంగుళాలు దిగిపోద్ది, గంటలో పని’’ అన్నాడు. అందరూ చెప్పే దారి ఇదే. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే బండి కిందకీ నేలకీ మధ్య ఉన్నదే పదిహేను సెంటీమీటర్లు. మన స్పీడ్‌బ్రేకర్లు ఒక్కోటి ఒక్కో కొండ. వెనక మాత్రమే దించితే ముక్కు పైకి లేచి హ్యాండిలు మందగిస్తుంది. ముందు మాత్రమే దించితే హ్యాండిలు మరీ చురుగ్గా తిరుగుతూ వేగంలో నిలకడ తప్పుతుంది. రెండూ సమంగా దించినా, సైడ్ స్టాండు పొడవు మారదు కదా! బండి వాలకుండా నిటారుగా నిలబడుతుంది, పక్కవాడి మోచెయ్యి తగిలితే చాలు, అవతలికి పడుతుంది. అప్పుడు స్టాండు కూడా కోయించాలి. ఒక అబద్ధానికి పది అబద్ధాలన్నట్టు!

సీట్లు కుట్టే పెద్దాయన దగ్గరైతే ఈ గొడవే లేదు. రెక్సిన్ విప్పి, నన్ను స్పాంజి మీదే కూర్చోబెట్టి, తొడలు ఆనేచోట సుద్దముక్కతో గీతలు గీశాడు. ‘‘ఎత్తు కంటే ముందు అంచులు తియ్యాలమ్మా. పక్కలు చెక్కితే కాలు తిన్నగా దిగుద్ది’’ అన్నాడు. నేను షోరూములో పడ్డ అవస్థంతా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ముందు రెండు సెంటీమీటర్లే తీశాడు. వారం నడుపుకుని రమ్మన్నాడు. మళ్ళీ వెళితే ఇంకో సెంటీమీటరు తీసి, పైన పలచగా గట్టి స్పాంజి పొర అతికించాడు. ఒకేసారి లోతుగా కోస్తే అడుగున ఉన్న ప్లాస్టిక్ పలక తోకఎముకకి తగులుతుందట, డెబ్భై కిలోమీటర్లు కాదు, ఏడు కూడా వెళ్ళలేమట. వెనక కూర్చునేవాళ్ళ సీటు ముట్టుకోలేదు. కోసిన ముక్కలు కవర్లో పెట్టి ఇచ్చాడు, ‘‘బండి అమ్మేటప్పుడు మళ్ళీ అతికిద్దాం’’ అంటూ. ఇందులో ఆర్సీలో ఉన్న వివరాలేవీ మారవు కాబట్టి చట్టంతో పేచీ కూడా లేదు.

మూడు, ఒకటిన్నర, మూడు. మొత్తం ఏడున్నర. మిగిలిన సెంటీమీటరున్నర, కాళ్ళు పక్కకి చాపడంలో పోయే ఇంకొంచెం పాదాల ముందు భాగం మీద నిలబడితే సరిపోయింది. అరికాలు పూర్తిగా ఆనదు. రెండు పాదాల ముందు సగాలూ ఆనతాయి. అదే నాలుగోది. ఇంకో చిన్న పని, క్లచ్, బ్రేకు లివర్లు వేళ్ళకి దగ్గరగా జరిగే రకం వేయించాను. కాళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళకి వేళ్ళూ పొట్టిగానే ఉంటాయని ఎవరికీ గుర్తుండదు.

ఎనభై ఒకటీ నూటా! 181 కిలోలు ఎలా మోస్తావని అడిగారు మా ఆఫీసులో. బండిని మోయం, నిటారుగా ఉంచుతాం. నిటారుగా ఉన్నంతసేపూ బరువంతా చక్రాలదే. ఒరగడం మొదలుపెట్టాకే మనది. అందుకే ఆగేటప్పుడు హ్యాండిలు తిన్నగా ఉంచి, చివర్లో వెనక బ్రేకుతో ఆపి, ఎడమకాలు ఒక్కటే దించుతాను. నడుము కాస్త ఎడమకి జరిపితే ఆ ఒక్క పాదం పూర్తిగా ఆనుతుంది. రెండు మునివేళ్ళ కంటే ఒక్క గట్టి పాదం నయం.

ఇక్కడ మన రోడ్ల సంగతొకటుంది. వాననీళ్ళు పోవడానికి రోడ్డు అంచులకి వాలి ఉంటుంది. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఎడమకాలి కింద నేల ఎప్పుడూ కాస్త పల్లం. పొడుగువాళ్ళకి ఈ తేడా తెలియదు, మాకు ప్రాణసంకటం. అందుకే మరీ మార్జిన్‌లోకి దిగి ఆగను. ఆగబోయే ముందే కాలు పెట్టే చోటు చూసుకుంటాను. గుంట, కంకర, ఇసుక లేవని తేల్చుకున్నాకే ఆగుతాను. బండి ముక్కు పల్లానికి పెట్టి పార్క్ చెయ్యను, వెనక్కి లాగలేను కాబట్టి. నెట్టాలంటే దిగి, తుంటి సీటుకి ఆనించి నెడతాను.

పడితే లేపడం కూడా నేర్చుకున్నాను. పెరట్లో పాత పరుపు వేసి, తమ్ముడు సాయం పట్టగా కావాలనే బండిని పడుకోబెట్టాం. కుడివైపు పడితే ముందు సైడ్ స్టాండు తీసిపెట్టాలి, గేరులో ఉంచాలి. బండికి వీపు తిప్పి, గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ళతో వెనక్కి తోసుకుంటూ లేవాలి. నాలుగోసారికి ఒక్కదాన్నే లేపాను. తమ్ముడు ఆ తర్వాత కారు మాటెత్తలేదు.

స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా ఎత్తు 160 సెంటీమీటర్ల లోపో, ఆ దగ్గరో. 2003లో 125 సీసీలో, 2004, 2005ల్లో 250 సీసీలో ప్రపంచ ఛాంపియన్. తర్వాత మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. రేసింగులో బండిని మనిషికి సర్దడం రోజువారీ పని, దాన్నెవరూ లోపం అనుకోరు. షోరూములో మాత్రం మనిషే బండికి సరిపోవాలంటారు.

అమ్మ మొదటిసారి బండి చూసి, ‘‘నీకు దించుకున్నావు సరే, నాకు ఎక్కడానికి నిచ్చెనేదే?’’ అంది. నిజమే, వెనక సీటు దించలేదుగా. అరుగు పక్కన బండి ఆపితే అరుగు మీంచి ఎక్కుతుంది. ఆవిడ ఎక్కేముందు స్ప్రింగులు రెండు మెట్లు బిగిస్తాను.

పోయిన కార్తీకంలో రాత్రి పదకొండున్నరకి పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు, అమ్మకి ఆయాసం ఎక్కువైందని. ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. మైలవరం దాటాక నాలుగు లారీలు. ఒక్కొక్కదాన్నీ ఖాళీ చూసుకుని, ఏడు సెకన్ల చొప్పున దాటాను. ఒంటిగంటన్నరకి ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. ముక్కుకి మాస్కు ఉంది, మాట్లాడలేదు, నా బూట్ల వైపు చూసి చెయ్యి పట్టుకుంది. మూడో రోజు ఇంటికి తీసుకొచ్చాం.

పెద్ద బండి కొనాలనుకునే పొట్టివాళ్ళకి, ఆడా మగా ఎవరికైనా, నేను చెప్పేదొకటే. ధైర్యం ఉందా లేదా అని ఎవరు అడిగినా జవాబు చెప్పకండి. ముందు టేపు తీసి కాలు కొలుచుకోండి. లోటు ఎంతో తెలిస్తే, ఎక్కడెక్కడ సర్దుకోవచ్చో తెలుస్తుంది. పది, పన్నెండు సెంటీమీటర్లు దాటిందా, ఆ బండి వదిలేసి ఇంకోటి చూడండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. షోరూముల వాళ్ళకీ ఒక మనవి. ట్రయలుకి పెట్టే బళ్ళలో ఒక్కదానికి సీటు కాస్త కోయించి ఉంచండి. ‘మీకు అందదు మేడమ్’ అని తిప్పి పంపించేవాళ్ళలో సగం మంది దాని మీద కూర్చున్నాక బండి బుక్ చేసి వెళతారు.